ఇచ్చినవి, వచ్చినవి

ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో ఒక సంగతి గమనించాను. మిగతా నెలల్లో జనం దేవుడి గురించి అడుగుతారు, డిసెంబరులో ఖర్చు గురించి అడుగుతారు. అందులో తప్పేమీ లేదు. నేను ఉద్యోగమంతా లెక్కల విభాగంలో గడిపినవాణ్ణి. పాస్టర్‌ని కాను, సెమినరీ గడప తొక్కలేదు. ఆదివారాలు పిల్లలకి బైబిలు కథలు చెప్పడం, ఇక్కడ మీ ఉత్తరాలకి జవాబులు రాయడం, ఇంతే నా పరిచర్య. ఈసారి ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికే చోటంతా పోయింది, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అన్నయ్యగారికి వందనాలు. నాకు ఇద్దరు పిల్లలు. పోయిన క్రిస్మస్‌కి మా ఆడపడుచు వాళ్లు మా బాబుకి గేర్ల సైకిల్ కొనిచ్చారు. మేం వాళ్ల పిల్లలకి ఇచ్చింది దాని ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది. ఈసారి తక్కువ కాకూడదని మావారు అక్టోబరు నుంచే క్రెడిట్ కార్డు మీద కొంటున్నారు. నెలనెలా కట్టాల్సింది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. పిల్లలు రోజుకో లిస్టు రాస్తున్నారు. పోయినేడు క్రిస్మస్ ఆరాధనలో నిలబడి, ఎవరి గిఫ్టు ఇంకా ప్యాక్ చేయలేదా అని లెక్కపెట్టుకుంటున్నాను. పాట అయిపోయి అందరూ కూర్చున్నా నేను నిలబడే ఉన్నాను. పక్కామె కొంగు లాగితే గానీ తెలియలేదు. క్రిస్మస్ అంటే ఇదేనా అన్నయ్యగారూ? అన్నీ మానేద్దామంటే ఇంట్లో గొడవ.
— ఒక సోదరి

జవాబు: చెల్లెమ్మా, ముందు నా సంగతి చెప్తాను. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది ఒకప్పుడు మా ఇంట్లో నా చేతి రాతతోనే జరిగింది.

పెళ్లయిన కొత్తలో క్రిస్మస్ కోసం ఒక పొడుగాటి నోట్‌బుక్ పెట్టాను. ఎడమవైపు ‘ఇచ్చినవి’, కుడివైపు ‘వచ్చినవి’. పేరు, వస్తువు, దాని పక్కన సుమారు విలువ. తేడా ఎర్ర ఇంకుతో వేసేవాణ్ణి. ఎవరి దగ్గర నుంచైనా ఏమీ రాకపోతే కుడివైపు ఒక అడ్డగీత. రెండేళ్లు వరసగా అడ్డగీత పడితే మూడో ఏడు ఆ పేరు రాయను. ఇది నీచమని నాకు ఏనాడూ తోచలేదు. పద్ధతి అనుకున్నాను. ఆఫీసులో రాని బాకీలని కొట్టేయమా, ఇదీ అంతే అనుకున్నాను.

ఆ గీతల్లో ఒకటి మా సంఘంలోని ఒక పెద్దావిడది. భర్త పోయాడు, పిల్లల్లేరు. మా పెద్దమ్మాయి పసిబిడ్డగా ఉన్నప్పుడు జ్వరం తగ్గక, నా భార్యా నేనూ రెండు రాత్రులు నిద్రలేక కూలబడిపోతే, మూడో రాత్రి వచ్చి బిడ్డని తెల్లవార్లూ భుజాన వేసుకుని వరండాలో తిరిగిన మనిషి. ఆ రాత్రి నా నోట్‌బుక్‌లో లేదు. దానికి కాలమ్ లేదు మరి.

ఆవిడ పేరు తీసేసిన ఏడు, డిసెంబరులో ఆవిడ దూరం నుంచి నన్ను చూసి గబుక్కున పక్క సందులోకి తిరిగిపోవడం రెండుసార్లు కంటబడింది. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి, “చూశావా, మొహం చాటేస్తోంది” అన్నాను. నా భార్య బట్టలు మడతపెడుతోంది. చేతులు ఆపలేదు. “చాటేయక ఏం చేస్తుంది? పోయినేడు మీరిచ్చింది పట్టుకుని మీరు లేనప్పుడు వచ్చి, తిరిగి ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదమ్మా అని ఏడ్చి వెళ్లింది. ఎదురుపడితే మళ్లీ ఇస్తారేమోనని ఆవిడ భయం” అంది.

ఈ ఏడు నేను ఇవ్వదలుచుకోలేదని ఆవిడకి తెలియదు పాపం.

లోకాశ లోకాశ అని డిసెంబరంతా ప్రసంగాలు వింటాం. వస్తువుల మీద ప్రేమ ఎక్కువైపోయిందంటారు. నాకు మాత్రం వస్తువుల్ని ప్రేమించేవాళ్లు పెద్దగా కనబడరు. ప్రేమే ఉంటే జనవరి నాటికి అవి మంచం కిందకి ఎందుకు పోతాయి? మీవారికి కూడా ఆశ లేదమ్మా, ఉన్నది భయం. అక్క ముందు, బావ ముందు తన పేరు ఎదురుగా అడ్డగీత పడుతుందేమోనన్న భయం. నోట్‌బుక్ పెట్టిన పెద్దమనుషులు మాలాంటివాళ్లు ఇంటింటికీ ఉన్నారు కాబట్టి ఆ భయం ఉత్తదీ కాదు.

ఇప్పుడు లూకా సువార్త 2వ అధ్యాయం నా నోట్‌బుక్ పక్కన పెట్టి చదవండి. రాత్రివేళ పొలంలో మంద కాస్తున్న గొర్రెల కాపరులు త్వరత్వరగా వస్తారు, తొట్టిలో ఉన్న బిడ్డని చూస్తారు, తాము విన్నది చెప్తారు, దేవుణ్ణి స్తుతిస్తూ వెళ్లిపోతారు. ఏమైనా తెచ్చారా? బొమ్మల్లో ఒక కాపరి మెడ మీద గొర్రెపిల్ల ఉంటుంది గానీ, లూకా ఏమీ తెచ్చినట్టు రాయలేదు. నా పద్ధతిలో అయితే ఆ రాత్రి బిడ్డని చూడవచ్చినవాళ్లందరి పేర్లకీ అడ్డగీతే.

అదే అధ్యాయం 24వ వచనంలో ఇంకో లెక్క ఉంది. ఎన్నిసార్లు చదివినా నా కంటికి ఆనలేదు. బిడ్డ పుట్టాక శుద్ధి దినాలు గడిచి, యోసేపు మరియలు యెరూషలేము దేవాలయానికి వెళ్తారు. ధర్మశాస్త్రం ప్రకారం తల్లి దహనబలికి ఏడాది గొర్రెపిల్లని, పాపపరిహారానికి ఒక పక్షిని తేవాలి. గొర్రెపిల్ల తెచ్చే స్థోమత లేకపోతే రెండు గువ్వలో రెండు పావురపు పిల్లలో చాలని లేవీయకాండం 12:8లో ఒక వెసులుబాటు ఉంది. లూకా ప్రస్తావించింది గొర్రెపిల్లని కాదు, ఆ పక్షుల్ని. అంటే మన ప్రభువు కుటుంబం గుడిలో కట్టింది పేదవాళ్ల స్లాబు.

ఆ సంగతి తలకెక్కిన రోజున నాకు ఆ పెద్దావిడ సందులోకి తిరగడం కళ్లముందుకొచ్చింది. గొర్రెపిల్లల్ని తోలుకొచ్చినవాళ్ల మధ్య మరియమ్మ రెండు పక్షులతో నిలబడింది. తప్పుకుని పోవాల్సిన పని లేకపోయింది, ఎందుకంటే అక్కడి లెక్కలో ఆ రెండు పక్షులకీ వరస ఉంది. మా సంఘంలో, నా లెక్కలో, ఆవిడకి లేదు.

ఇక మీ ఇంటి విషయం. ఈ ఏడు గిఫ్టులే లేవని ఉన్నపళంగా ప్రకటించకండి. అలా చేస్తే పిల్లలకి గుర్తుండిపోయేది యేసు పుట్టుక కాదు, ఆ ఏడాది అమ్మ కోపం.

మీ ఆడపడుచుతో మాట్లాడాల్సింది మీవారు. మీ నోట వస్తే అది దెప్పిపొడుపు, తోడబుట్టినవాడి నోట వస్తే మాట. “అక్కా, సైకిల్ చూసి వాడు ఎగిరి గంతేశాడు. అంతటిది తిరిగి ఇచ్చే శక్తి మాకు లేదు. ఇవ్వాలని అప్పు చేస్తున్నాను, ఇక చేయను.” ఇంతే చాలు. చిన్నతనంగానే ఉంటుంది. కానీ ఆ చిన్నతనం ఒక్క ఫోన్ కాల్ సేపు, కార్డు వాయిదాలు ఏడాది పొడుగునా. ఎవరికి తెలుసు, అవతల వాళ్ల ఇంట్లో కూడా రాత్రిపూట ఎవరో కూర్చుని లెక్కలు వేసుకుంటున్నారేమో. కొన్నవాటిలో సీలు విప్పనివి ఉంటే ఈ వారమే వాపసు ఇచ్చేయండి.

ఒక్క పని మాత్రం ఈ ఏడే చేయండి. తిరిగి ఇచ్చే దారి లేని ఒక మనిషికి, ఎవరిచ్చారో తెలియకుండా ఏదైనా చేరేయండి. విందు చేస్తే నిన్ను తిరిగి పిలవగలిగినవాళ్లని కాదు, ప్రత్యుపకారం చేయలేనివాళ్లని పిలువమని యేసు చెప్పింది లూకా 14లోనే ఉంది. 4వ శతాబ్దంలో మైరా అనే పట్టణానికి, అది ఇప్పటి టర్కీలో ఉంది, నికోలస్ అనే బిషప్ ఉండేవాడు. ఆయన గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. కట్నం ఇచ్చుకోలేక ముగ్గురు కూతుళ్లని పాడు బతుకులోకి పంపాల్సి వస్తుందని ఒక తండ్రి కుమిలిపోతుంటే, నికోలస్ రాత్రివేళ వాళ్ల కిటికీలోంచి బంగారం మూట వేసి వెళ్లేవాడట. మూడోసారి ఆ తండ్రి వెంటపడి పట్టుకుంటే, నేను బతికుండగా ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడట. ఆ నికోలసే డచ్చివాళ్ల నోట సింటర్‌క్లాస్, అక్కణ్ణుంచి అమెరికాకి చేరి శాంతాక్లాజ్ అయ్యాడు. ఎర్రకోటు, గంట, గడ్డం అన్నీ వచ్చి చేరాయి. చీకట్లో ఎందుకు వెళ్లేవాడన్నది మాత్రం ఎక్కడో జారిపోయింది. ఇప్పుడు దుప్పటి ఇచ్చేవాడు ఒక చివరా, పుచ్చుకునేవాడు ఒక చివరా పట్టుకుని కెమెరా వైపు చూస్తున్నారు. ఆ ఫొటోలో రెండో మనిషి మొహం ఒకసారి చూడండి. మా పెద్దావిడ మొహమే అది.

ఆరాధనలో నిలబడిపోయానని బాధపడకండి. ఈసారి లిస్టుని కాగితం మీద రాసి, దాన్ని బైబిల్లో పెట్టుకుని వెళ్లండి. బుర్రలో ఉన్న లెక్క తిరుగుతూనే ఉంటుంది, కాగితం మీద పెట్టింది ఆగుతుంది. ఇది వేదాంతం కాదు, గుమాస్తా అనుభవం.

ప్రశ్న: డిసెంబరు 25 బైబిల్లో లేదని, సూర్యదేవుడి పండుగని మార్చుకున్నారని వీడియోలు చూస్తున్నాను. పైగా ఇప్పుడంతా వ్యాపారమే. క్రైస్తవులు ఈ పండుగని అసలు మానేస్తే పోదా?
— ఒక యువకుడు

జవాబు: తమ్ముడూ, తేదీ బైబిల్లో లేదన్నది నిజం. క్రీ.శ. 354లో రోమ్‌లో కూర్చిన ఒక పంచాంగంలో డిసెంబరు 25 కనిపిస్తుంది. అందులో ఆ భాగం 336 నాటిదని పండితులు లెక్కకట్టారు. అజేయ సూర్యుడి పుట్టినరోజు కూడా అదే పంచాంగంలో అదే తేదీన ఉంది. దాన్నిబట్టి కొందరు, సూర్యుడి పండుగ మీద దీన్ని పెట్టారంటారు. యేసు మార్చి 25న గర్భంలో పడ్డాడని తొలి క్రైస్తవులు కొందరు నమ్మేవారు, దానికి తొమ్మిది నెలలు కలిపారని ఇంకొందరంటారు. వాదన ఇంకా తెగలేదు. అర్మేనియా సంఘం జనవరి 6న చేసుకుంటుంది. పాత జూలియన్ క్యాలెండర్ పాటించే రష్యా సంఘానికి డిసెంబరు 25 మన జనవరి 7న వస్తుంది. సంవత్సరం కూడా అనుమానమే. క్రీస్తుశకం లెక్క వేసింది 6వ శతాబ్దపు సన్యాసి డయోనిసియస్. హేరోదు రాజు చనిపోయింది క్రీ.పూ. 4లో అని చాలామంది చరిత్రకారుల మాట. యేసు హేరోదు బతికుండగా పుట్టాడని మత్తయి రాశాడు. అంటే క్రీస్తు క్రీస్తుపూర్వంలో పుట్టాడు! లెక్కల మనిషిగా ఆ పొరపాటు మీద నాకు కొంచెం ముచ్చట కూడా ఉంది.

మానేయడం అంటావా, అదీ చేసి చూశారు. బైబిల్లో లేని ఆచారాలు ఉండకూడదనే ప్యూరిటన్లనే క్రైస్తవుల పట్టులో ఉన్న ఇంగ్లండు పార్లమెంటు 1647లో క్రిస్మస్‌ని రద్దు చేసింది. అమెరికాలో మసాచుసెట్స్ కాలనీ 1659లో, పండుగ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అని చట్టం పెట్టి, 1681లో తీసేసింది. వాళ్ల ఫిర్యాదులు చదివితే నీ ఉత్తరం లాగే ఉంటాయి: బైబిల్లో లేదు, తాగుడు, జూదం, దుబారా. తమాషా ఏమిటంటే, పండుగ లేదు కాబట్టి డిసెంబరు 25న కొట్లు తెరిచి వ్యాపారం చేయాల్సిందేనన్నారు. 1647లో కాంటర్‌బరీ పట్టణంలో దాని మీద పెద్ద అల్లరే జరిగింది. పండుగ తీసేస్తే మిగిలింది బజారే. నీకు మనసొప్పకపోతే చేసుకోకు, ఎవరూ బలవంతపెట్టరు. కానీ చేసుకునే మీ అమ్మకి ఆ వీడియోలు ఫార్వర్డ్ చేయకు.

ప్రశ్న: అంకుల్, నాకు పదమూడేళ్లు. గిఫ్టులు కోరుకోవడం లోకాశ అని సండేస్కూల్లో చెప్పారు. నాకేమో గిఫ్టులంటే చాలా ఇష్టం. ప్రార్థన చేసినా ఆ ఇష్టం పోవడం లేదు. నేను పాపినా?

జవాబు: కాదు తల్లీ. పోవాలని ప్రార్థన చేయడం ఆపెయ్యి, దేవుడికి వేరే పనులున్నాయి.

తూర్పు దేశపు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు కదా. యోసేపు “అయ్యో, ఇవన్నీ ఎందుకండీ” అన్నాడని మత్తయి రాయలేదు. బదులుగా ఏదో కట్టి ఇచ్చి పంపాడనీ రాయలేదు. తీసుకున్నారు, అంతే. ఆ వెంటనే ప్రాణభయంతో ఐగుప్తుకి పారిపోవాల్సి వచ్చింది. ఆ బంగారం దారి ఖర్చులకి అక్కరకొచ్చి ఉంటుందని నా ఊహ. బైబిల్లో లేదు, మీ టీచర్‌తో అనకు.

ఇంకో సంగతి. ఆ జ్ఞానులు ముగ్గురని ఎక్కడా రాసి లేదు. వచ్చిన వస్తువులు మూడు కాబట్టి మనుషుల్నీ ముగ్గుర్ని చేసేశాం. వస్తువుల్ని బట్టి మనుషుల్ని లెక్కపెట్టడం అలా మనకి బాగా పాత అలవాటు. నువ్వు ఈసారి గిఫ్టు విప్పాక, అది ఇచ్చిన మనిషి దగ్గర ఒక పది నిమిషాలు కూర్చో. దాన్ని ఎక్కడ కొన్నారో, నీకు ఆ రంగే ఎందుకు నచ్చుతుందనుకున్నారో అడుగు. పెద్దవాళ్లకి ఆ కథ చెప్పాలని భలే ఉంటుంది, ఎవరూ అడగరు.

ప్రశ్న: మా సంఘంలో నేను ట్రెజరర్‌ని. క్రిస్మస్‌కి వేసే పశువుల పాక ఖర్చు ఏటేటా పెరుగుతోంది. ఈసారి కదిలే బొమ్మలు, రంగులు మారే లైట్లు కావాలని యూత్ పట్టుబడుతున్నారు. పక్క సంఘంవాళ్లని మించాలట. వద్దంటే నన్ను పిసినారి అంటున్నారు.

జవాబు: సాటి లెక్కల మనిషికి నా సానుభూతి.

మీటింగులో పోట్లాడే ముందు వాళ్లకి ఈ కథ చెప్పండి. పశువుల పాకని కళ్లకి కట్టించడంలో అందరికన్నా పేరుపడినవాడు అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి. 1223 క్రిస్మస్‌కి ఇటలీలో గ్రెచ్చో అనే చిన్న ఊళ్లో, రెండు వారాల ముందే ఒక స్నేహితుణ్ణి పిలిచి ఏర్పాట్లు చేయమన్నాడు. ఏమేం అడిగాడు? ఒక తొట్టి, గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. అంతే. ఎద్దూ గాడిదా సువార్తల్లో లేవు, యెషయా 1:3 నుంచి వచ్చాయి. మరియ యోసేపుల బొమ్మల మాటే ఆ వృత్తాంతంలో లేదు. చుట్టుపక్కలవాళ్లు దివిటీలు పట్టుకుని వచ్చారు. ఆ బిడ్డకి పుట్టినప్పుడు ఏమేం కరువయ్యాయో కళ్లారా చూడాలన్నది ఫ్రాన్సిస్ కోరిక. లేమిని చూడ్డానికి వేసిన పాక అది. దానికి మనం రంగులు మారే లైట్లు పెడుతున్నాం.

అయినా యూత్‌ని పూర్తిగా కాదనకండి. వాళ్లు రాత్రుళ్లు మేలుకుని కలిసి పనిచేసేది ఏడాదిలో ఆ నాలుగు రోజులే. ఒక మొత్తం చెప్పండి, అందులో ఏం చేసుకుంటారో వాళ్లిష్టం. గడ్డి మాత్రం నిజమైనది వేయించండి. పిల్లలు చెయ్యి పెడితే గుచ్చుకోవాలి.

ప్రశ్న: క్రిస్మస్ రోజు ఫోన్‌కి వందల గ్రీటింగ్‌లు వస్తున్నాయి. అందరికీ తిరిగి పంపేసరికి పొద్దుగూకుతోంది. పంపకపోతే నిష్ఠూరాలు. ఏం చేయాలి?

జవాబు: మీ తలనొప్పి 1843 నాటిది. లండన్‌లో హెన్రీ కోల్ అనే ఉద్యోగి, క్రిస్మస్‌కి వచ్చిపడే ఉత్తరాలన్నింటికీ జవాబులు రాయలేక, ఒక చిత్రకారుడితో బొమ్మ గీయించి వెయ్యి కార్డులు అచ్చేయించాడు. మొదటి క్రిస్మస్ కార్డుగా చెప్పుకునేది అదే. నడుమ ఒక కుటుంబం వేడుక చేసుకుంటూ ఉంటుంది. రెండు అంచుల్లో ఆకలిగొన్నవాళ్లకి అన్నం పెట్టడం, బట్టల్లేనివాళ్లకి బట్ట కప్పడం. తిరుగు టపా తప్పించుకోడానికి పుట్టిన కార్డు ఇంకెంత తిరుగు టపాని పుట్టించిందో చూశారుగా. ఒక ముగ్గురికి ఫోన్ చేసి మాట్లాడండి. మిగతావాళ్లు నిష్ఠూరమాడితే ఆడనివ్వండి, జనవరి దాటితే మర్చిపోతారు.

ప్రశ్న: సోదరుడికి వందనాలు. నా భార్య ప్రభువు దగ్గరికి వెళ్లి ఏడు నెలలైంది. ఇంటికి స్టార్ కట్టేది ఆమే. పెట్టె అటక మీదే ఉంది, దించబుద్ధి కావడం లేదు. సంఘంవాళ్లు వస్తామంటున్నారు. ఇల్లు సర్దలేదు, వచ్చినవాళ్లకి ఏం చేయాలో తెలియదు. ఈ ఏడు తలుపేసుకుని ఉండిపోతే తప్పా?

జవాబు: సోదరా, తప్పు కాదు. మార్కు తన సువార్తని యేసు పుట్టుక ఊసు లేకుండానే మొదలుపెట్టాడు. తొట్టీ కాపరులూ లేకుండానే పదహారు అధ్యాయాలు నడిచాయి. పెట్టె అటక మీదే ఉండనివ్వండి.

తలుపు సంగతి మాత్రం ఒక మాట. పైన మొదటి జవాబులో ఒక పెద్దావిడ గురించి రాశాను. నా భార్య అలా అన్న మర్నాడు సాయంత్రం నేను ఆవిడ ఇంటికి వెళ్లాను. చేతిలో ఏమీ పట్టుకెళ్లలేదు, పట్టుకెళ్తే తలుపు తీయదని నా భార్య చెప్పింది. తీసింది గానీ గుమ్మానికి అడ్డంగా నిలబడి, “ఇంట్లో ఏమీ లేదు బాబూ” అంది. వచ్చినవాణ్ణి లోపలికి రమ్మనడానికి కూడా ఏదో ఒకటి ఉండాలని ఆవిడ లెక్క. ఆ లెక్క నేర్పినవాళ్లలో నేనొకణ్ణి. “కూర్చుని పోదామని వచ్చానండీ” అన్నాను. చాలాసేపు నన్నూ, ఖాళీగా ఉన్న నా చేతుల్నీ చూసింది. తర్వాత జరిగి చోటిచ్చింది.

కుర్చీ ఒకటే ఉంది. అందులో నన్ను కూర్చోబెట్టి తను మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన పోయిన ఏడు ఎవరెవరు వచ్చారో, ఎవరు రాలేదో చెప్పింది. నేను రానివాళ్లలో ఉన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. చీకటి పడింది, దీపం వేయాలని ఇద్దరికీ గుర్తులేదు. లేచి వస్తుంటే, “మీ పెద్దదానికి ఇప్పుడు జ్వరాలు రావడం లేదు కదా?” అని అడిగింది. అప్పటికి మా అమ్మాయి బడికి వెళ్తోంది.

మీ సంఘంవాళ్లు వస్తే తలుపు తీయండి. ఇల్లు సర్దకండి. ఒక్క కుర్చీ మీద ఉన్న బట్టలు తీస్తే చాలు.